గుగ్గిలం పూసిన అద్దం

కారులో పుట్టగొడుగులు మొలిచాయి.

డ్రైవరు సీటు ముందున్న మ్యాటు ఎత్తిన వీరభద్రరావు మొదట అవేమిటో పోల్చుకోలేకపోయాడు. నానిన అటుకుల్లా తెల్లగా, బ్రేకు కింద గుంపుగా ఉన్నాయి. వేలు పెడితే చితికాయి. వేలు వాసన చూసుకుని గోడకేసి రాశాడు. ముప్ఫై రెండేళ్ళు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా యానాం కాలవలన్నీ తొంగిచూసిన మనిషి ఆయన. ఊరి మురుగు దగ్గర ఏనాడూ ముక్కు మూసుకోలేదు. సొంత కారు దగ్గర మూసుకున్నాడు.

కోడల్ని పిలిచి చూడమన్నాడు. వీణ గుమ్మం దిగలేదు. చూడకపోయినా ఆమెకు తెలుసు. మంగళవారం నాటి వానలో ఆమె ముందు సీట్లో కూర్చుని ఉండగా అద్దం అంచు నుంచి నీళ్ళు ధారకట్టి ఒళ్ళో పడ్డాయి. టీ డికాక్షను రంగు నీళ్ళు. చీర రెండుసార్లు ఉతికినా మరక పోలేదు.

ఆ మరక మీద మొదలైన గొడవ ఇంట్లో మూడు రోజులుగా నడుస్తోంది. అద్దాలు బిగించేవాడికి చూపించమని వీరభద్రరావు అంటాడు. నేను చూసుకుంటానని కొడుకు మణిదీప్ అంటాడు. మొదటిసారి కారినప్పుడు, నవంబరు వాయుగుండంలో కూడా, వాడు ఇదే మాట అన్నాడు. తీరా చూసుకున్నది వాడు కాదు. వాడి మేనమామ అమ్మన్న.

అమ్మన్న అడవిపొలంలో పడవలు కడతాడు. పలకల సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసి చుక్క నీరు రాకుండా చేస్తాడు. డిసెంబరులో ఒక ఆదివారం ఆ గుగ్గిలం డబ్బాతోనే వచ్చి, కారు ముందు అద్దం చుట్టూ చిటికెన వేలు మందాన మెత్తి వెళ్ళాడు. నావకు పట్టింది కారుకు పట్టదా అన్నాడు. అదీ నిజమే అనుకున్నాడు వీరభద్రరావు. భార్య తరఫు వాళ్ళలో ఆయన నమ్మింది ఒక్క అమ్మన్న చేతి పనినే.

మే నెల ఎండకు ఆ గుగ్గిలం పెంకులు పెంకులుగా లేచింది. జూన్ వానకు కింద పుట్టగొడుగులు లేచాయి.

శనివారం పొద్దున కొడుకు తన సెల్‌ఫోన్ల కొట్టుకు వెళ్ళేదాకా ఆగి, వీరభద్రరావు మెట్టకూరు యోహానుకు ఫోను చేశాడు. కార్ల అద్దాలు బిగించడమే యోహాను పని. తొమ్మిదింటికల్లా మోటారు సైకిలు మీద సామానంతా కట్టుకుని వచ్చాడు. జతగాడికి జ్వరమని, చెయ్యి సాయం ఇంట్లోవాళ్ళే పట్టాలని ముందే చెప్పాడు. కారును ఇంటి పక్క రేకుల షెడ్డులోకి తోశారు.

యోహాను గుగ్గిలాన్ని గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంటాయన మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు.

"ఇది ఎవరు పెట్టేరండి?"

"మా బావమరిది. పడవల మేస్త్రి."

"ఆయ్, తెలుస్తుందండి. లంగరు ఒకటి తక్కువైంది."

గేటు చప్పుడైంది. అమ్మన్న నిలబడి ఉన్నాడు. పరిగెత్తి వచ్చినట్టు ఊపిరి ఎగపోస్తున్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు ఊడి భుజం మీద పడింది. ఇక్కడ అద్దం తీస్తున్నారని ఇతనికి ఎవరు చెప్పారు? వీరభద్రరావు గుమ్మం వైపు చూశాడు. వీణ చేతిలోని ఫోను కొంగు చాటుకు పోయింది.

ఆయన అది చూశాడు. మనసులో ఒక మూల పెట్టుకున్నాడు. దేన్నీ పారేసే అలవాటు లేదాయనకు.

పాతికేళ్ళుగా తను కట్టిన పడవల్లో దేన్లోనైనా చెంబుడు నీళ్ళు చూపించమని అమ్మన్న యోహానుతో వాదన పెట్టుకున్నాడు. యోహాను విని, అద్దం చుట్టూ గ్లూ కోసే తీగను ఓపిగ్గా సరిచేసుకుంటూ జవాబు చెప్పాడు.

"మీది చెక్కండి. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుద్ది, సందు దానంతటదే మూసుకుంటది. అద్దం ఏం తాగుద్దండి? ఇనుము ఏం తాగుద్ది? ఎండకి ఇనుము సాగుద్ది, అద్దం సాగదు. మజ్జలో మీ గుగ్గిలం బద్దలవుద్ది. నీళ్ళు బయటికి పోకుండా మాత్రం బాగా ఆపేరు."

పడవ పనికి వంక పెట్టినవాణ్ణి గట్టు మీదే చొక్కా పట్టుకున్న మనిషి అమ్మన్న. ఈ మాటకు కోపం రాలేదతనికి. సరేలే తమ్ముడూ అన్నాడు. అద్దం తీయకుండా పైనే ఏదో పూసి సరిపెట్టమన్నాడు. తీస్తే పగిలిపోతుందన్నాడు. ఇవాళ కాదు, వానలు పోయాక చూద్దామన్నాడు. ఒక్క గుక్కలో మూడు మాటలు, మూడూ బతిమాలుకోలే.

వీరభద్రరావుకు ఒళ్ళు చీదర పుట్టింది. పనిలో తప్పు చేసినవాణ్ణి ఆయన ఓర్చుకోగలడు. తప్పు దగ్గర తోకాడించేవాణ్ణి ఓర్చుకోలేడు.

"తియ్యవయ్యా" అన్నాడు యోహానుతో.

అద్దానికీ బాడీకీ మధ్య పాత గ్లూను తీగతో కోయాలి. తీగ ఒక కొస బయట ఒకరు, రెండో కొస లోపల ఒకరు పట్టుకుని రంపంలా లాగాలి. లోపల కూర్చోవడానికి వీరభద్రరావే ఎక్కాడు. సీటు తడి పంచెలోంచి తొడలకు తగిలింది. చచ్చిన ఎలుక వాసన. పక్క సీటు మీద బూజు పచ్చగా పట్టి ఉంది. అది సత్యవతమ్మ కూర్చునే సీటు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. బతికుండగా ఆ సీటు మీద పూలరేకు కూడా రాలనిచ్చేది కాదు.

తీగ గీరుకుంటూ పోయింది. ఇటు లాగితే ఆయన, అటు లాగితే యోహాను. చుట్టూ తిరిగి వచ్చేసరికి గంట పట్టింది. అద్దానికి రెండు రబ్బరు కప్పులు అంటించి, అవతలి పిడి అమ్మన్న చేత పట్టించి, ఇద్దరూ ఎత్తి స్టాండు మీద పెట్టారు. అద్దం పగల్లేదు. అమ్మన్న మొహం మాత్రం పగిలిన కుండలా అయింది.

యోహాను అద్దం మూల తుడిచి వంగి చూశాడు. పక్క అద్దాలు చూశాడు. మళ్ళీ ఇది చూశాడు.

"ఇది బండితో వొచ్చింది కాదండి. పక్కవాటి మీదున్న గుర్తు దీని మీద లేదు. ఎప్పుడు మార్చేరు?"

మార్చలేదన్నాడు వీరభద్రరావు. బండి కొన్న నాటి నుంచి ప్రతి పెట్రోలు చీటీ కూడా తన దగ్గర ఉందన్నాడు.

"మార్చేరండి. ఇదిగో, పాత గ్లూ మీద కొత్త గ్లూ." యోహాను అంచున ఉన్న రబ్బరు పట్టీ లాగాడు. దాని కింద, గుగ్గిలం పొరలో, కాగితం టేపు ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాని మీద నల్ల మార్కరుతో ఏదో రాసి ఉంది.

"ఏదో పాత చెత్త, పారెయ్" అని అమ్మన్న చెయ్యి చాపాడు.

అడిగినవాడికి కాక బండి గలాయనకు ఇవ్వడం యోహాను అలవాటు. టేపు ఊడదీసి వీరభద్రరావు అరచేతిలో పెట్టాడు. కొత్త అద్దం జారకుండా టేపు వేస్తారని, ఎప్పటిదాకా కదపకూడదో దాని మీదే రాస్తారని, రాయకపోతే జనం ఆగరని చెప్పాడు.

19-10. రేపు ఉ. 11 దాకా కదపవద్దు.

"రాసినా ఆగలేదు చూశారా" అన్నాడు యోహాను, పని ధ్యాసలో. "పచ్చి మీదే తోలేశారండి. పైగా నీళ్ళు తగిలిన గుర్తు కూడా ఉంది. లీకు పుట్టింది ఆ రోజే."

అక్టోబరు పంతొమ్మిది. హాల్లో సత్యవతమ్మ ఫోటో కింద ఆ తేదీయే రాయించాడు వీరభద్రరావు.

ఆయన కూర్చోలేదు. టేపు ముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అమ్మన్న వైపు తిరగకుండానే యోహానుకు కానివ్వమని చెప్పాడు. యోహాను తుప్పు గీకడం మొదలుపెట్టాడు. ఆ గీకుడు చప్పుడులో ఆయన ఆ రోజును మొదటి నుంచీ పేర్చుకుంటూ వచ్చాడు.

ఆ పొద్దున తొమ్మిదింటికి సత్యవతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని గ్యాసు అంది. కాకినాడలో ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరకు వెళదామన్నాడు తను. కారేదన్నాడు. మణిదీప్ కారును ఫరంపేటలో ఉండే స్నేహితుడు సాయిసందీప్‌కు ఇచ్చాడని, తేవడానికి వెళ్ళాడని, ఇప్పుడే తెచ్చేస్తాడని, ఆటో కుదుపులు తను పడలేనని ఆమే చెప్పింది. పదైంది. పదకొండైంది. ఆమె మొహం బూడిదరంగుకు తిరిగాక ఆటో ఎక్కించాడు. జోరున వాన. తాళ్ళరేవు దాటకుండానే ఆమె తల ఆయన భుజం మీద నుంచి జారిపోయింది. అప్పుడు ఎదురుగా వచ్చింది కారు. మణిదీప్ ఒక్కడే ఉన్నాడు అందులో. ఆమెను ఇంటికి తెచ్చింది ఆ కారులోనే.

పెద్దకర్మ నాడు సాయిసందీప్ తండ్రి చేతులు జోడించుకుని వచ్చాడు. వీరభద్రరావు గేటు తీయలేదు. నీ కొడుకు నీడ కూడా నా గుమ్మంలో పడకూడదన్నాడు. చావింట్లో ఎందుకని అడగలేక ఆ పెద్దమనిషి తలొంచుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి సంతలో ఎదురుపడితే ఆయన పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. వీరభద్రరావు ఆ తిరిగిపోవడాన్ని ఎనిమిది నెలలుగా నేరం ఒప్పుకోవడంగా లెక్కవేసుకున్నాడు.

"అమ్మన్నా."

"బావా."

"నువ్వు మెత్తింది నీళ్ళు ఆపడానికా, ఇది దాచడానికా?"

అమ్మన్న తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"రెండిటికీ బావా. అద్దాల కొట్టుకి తీసుకెళ్తే అద్దం మార్చేరని చెప్పేస్తారని ఆడు నా కాళ్ళ మీద పడ్డాడు. ఏం చెయ్యమంటావు? మా అక్క కొడుకు."

"నీ అక్క నాకేమవుతుందిరా?"

అమ్మన్న గోడ వారగా వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు.

పన్నెండున్నరకు మణిదీప్ భోజనానికి వచ్చాడు. స్కూటరు స్టాండు వేసి ఇటు తిరిగాడు. అద్దం లేని కారు, దవడ ఊడిన నోరులా, అతని ఎదురుగా ఉంది. పక్కన తండ్రి. గోడ వారగా మామయ్య. హెల్మెట్టు తీయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

వీరభద్రరావు టేపు ముక్క తీసి కారు బానెట్టు మీద పెట్టాడు. ఏమీ అడగలేదు. ఎదుటివాడు నోరు తెరిచేదాకా ఎంతసేపైనా నిలబడగలడాయన. ఉద్యోగంలో హోటళ్ళవాళ్ళ చేత, చేపల షెడ్లవాళ్ళ చేత అలాగే ఒప్పించేవాడు.

మణిదీప్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ముందు రోజు సాయంత్రం నలుగురు కలిసి తాగారు. దరియాలతిప్ప రోడ్డులో బండి అతనే నడిపాడు. ముందు ఆగి ఉన్న వెదుళ్ళ ట్రాక్టరు కనబడలేదు. ఒక వెదురు కొస అద్దంలోంచి దూసుకొచ్చి వెనక సీటుకు గుచ్చుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారకముందే కాకినాడ తీసుకెళ్ళి వేరే అద్దం వేయించాడు. సాయిసందీప్ ఆ నలుగురిలో లేనే లేడు. ఏ గొడవా లేని మనిషి కనుక అతని పేరు వాడుకున్నాడు.

"అమ్మకి బాగోలేదని ఫోనొచ్చేసరికి గ్లూ ఇంకా పచ్చిగానే ఉంది నాన్నా. కదపొద్దన్నారు. వచ్చేశాను."

చివరి మాట చెబుతూ టేపు ముక్క మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. వీరభద్రరావుకు కొడుకు మీద జాలి పుట్టలేదు. వెగటు పుట్టింది. వీధికో మందు కొట్టున్న ఊళ్ళో పుట్టినందుకు కొడుక్కి ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. తాగి కారు ముట్టుకున్న రోజు ఈ ఇంట్లో చోటు లేదన్నాడు. దేవుడి గూటి ముందు నిలబెట్టి అనిపించాడు కూడా. ఎనిమిది నెలలుగా వీడు అదే దేవుడి గూటి ముందు తల్లి పేరున దీపం పెడుతున్నాడు. ఈ మేనమామ నెలమాసికానికి వచ్చి పక్కనే కూర్చుని తింటున్నాడు. ఈ కోడలు వడ్డిస్తోంది. అందరూ కలిసి ఇంటిని కూడా గుగ్గిలంతో మెత్తారు. లోపల కుళ్ళుతుంటే తను ఒక్కడే వాసన ఎక్కడిదని వెతుక్కుంటున్నాడు.

"గ్లూ వేసేస్తున్నానండి" అన్నాడు యోహాను, ఎవరి మొహమూ చూడకుండా. "వేశాక పది నిమిషాల్లో అద్దం కూర్చోవాలి."

వెయ్యమన్నాడు వీరభద్రరావు. యోహాను గన్ను నొక్కుతూ కారు చుట్టూ నల్లటి తీగ పరిచినట్టు గ్లూ వేసుకుంటూ పోయాడు.

"ఇది ఆరడానికి ఎంతసేపు?"

"రేపు ఈ వేళ దాకా కదపకూడదండి."

వీరభద్రరావు కొడుకు వైపు తిరిగాడు.

"విన్నావుగా. రేపు ఈ వేళకి నువ్వూ నీ పెళ్ళామూ సామాను సర్దుకోండి. ఆ కారు కూడా తీసుకుపో. నాకొద్దు."

మణిదీప్ తల ఊపాడు. సరే నాన్నా అన్నాడు. బతిమాలలేదు. ఈ మాట కోసం ఎనిమిది నెలలుగా సంచీ సర్దుకుని కూర్చున్నవాడిలా అన్నాడు. అమ్మన్న లేవబోయి, బావ చూపు చూసి మళ్ళీ కూలబడ్డాడు.

వీణ అప్పుడు గుమ్మం దిగి వచ్చింది. ఈ ఇంటికి వచ్చిన నాలుగేళ్ళలో ఆమె మామగారి ఎదుట గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"అత్తయ్య కూడా ఇదే అన్నారండి."

"ఏమని?"

"మీరు ఇలాగే అంటారని. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికే నేను ఆటో పిలుస్తానన్నాను. నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఆటో పిలిస్తే మీరు కోపంగా సాయిసందీప్ వాళ్ళింటికి ఫోన్ చేస్తారు, అంతా తెలిసిపోతుందన్నారు. 'తెలిస్తే రేపు ఈపాటికి పిల్లాణ్ణి బయటకు గెంటేస్తారు. నా నొప్పికేం, అదే తగ్గుద్ది. కారు రానీ' అన్నారు."

షెడ్డు రేకుల మీద నుంచి పొద్దుటి వాన నీళ్ళు ఒక్కొక్క చుక్కే జారుతున్నాయి.

నువ్వెందుకు చెప్పలేదని అడగడానికి వీరభద్రరావు నోరు తెరిచాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకే తెలుసు. తొమ్మిది నుంచి పదకొండు దాకా తను ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చునే ఉన్నాడు. అరువిచ్చిన కారు అడగడానికి కూడా సిగ్గుపడే కొడుకును కన్నావని రెండు గంటలసేపు ఆమెనే తిట్టాడు. ఆమె గుండె నొక్కుకుంటూ విన్నది.

అరవై నాలుగేళ్ళలో ఎందరినో చూసి అసహ్యించుకున్నాడు ఆయన. ఇంత దగ్గరి మనిషిని అసహ్యించుకోవలసి రావడం ఇదే మొదలు. ఎటు తిరిగినా వెంటే ఉన్నాడు ఆ మనిషి.

"బాబుగారూ" అన్నాడు యోహాను. "గ్లూ మీద తోలు కట్టేస్తుందండి. పడవలాయన గోడ దగ్గర్నుంచి లేచేలా లేరు. మీరిద్దరే పట్టాలి."

మణిదీప్ హెల్మెట్టు తీసి నేల మీద పెట్టాడు. అవతలి వైపుకు వెళ్ళి రబ్బరు కప్పు పిడి పట్టుకున్నాడు. వీరభద్రరావు ఇటు పిడి పట్టుకున్నాడు. ఎత్తారు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. పచ్చి గ్లూ పైన జానెడు ఎత్తున తండ్రీ కొడుకుల మధ్య అద్దం నిలబడింది.

పై అంచు ముందు ఆనించి, తర్వాత కింది అంచు మెల్లగా దించమన్నాడు యోహాను. ఒక్కసారి ఆనాక ఇక జరపడానికి ఉండదన్నాడు.

మణిదీప్ పై అంచు ఆనించబోయాడు. వీరభద్రరావు పిడి కదపడం లేదు. అద్దాన్ని దించడమూ లేదు.

"ఇంకేం చెప్పింది మీ అత్తయ్య?" అని అడిగాడు, కోడలి వైపు చూడకుండా.

వీణ చూపు అద్దం మీదుగా మొగుడి మొహం మీదకు పోయింది.

రెండు చేతులూ బరువు మీద ఉన్నాయి కనుక మణిదీప్ చేత్తో వారించలేకపోయాడు. ఆ మాట నాన్న తట్టుకోలేడు, వద్దన్నట్టు తల మాత్రం అడ్డంగా ఊపాడు.